చూసి పోయేవాళ్ళు, దాచుకునేవాళ్ళు

చి. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఇన్‌స్టాగ్రామ్‌లో నీ వాటర్ కలర్ బొమ్మ పెడితే గంట తిరక్కుండా లైకులు వస్తున్నాయని, అదే బొమ్మ పింటరెస్ట్‌లో పెడితే చడీచప్పుడు లేదని, ఫాలోయర్ల సంఖ్య పెట్టిన చోటే ఉందని రాశావు. నీ ప్రొఫైల్ మొదటినుంచి చివరిదాకా చూశాను. బొమ్మలకు వంక పెట్టడానికి లేదు. వాటిని అక్కడ పెట్టిన తీరుకు మాత్రం చాలా వంకలు పెట్టబోతున్నాను, కాస్త ఓపిక పట్టు.

అసలు పింటరెస్ట్‌కు జనం ఎందుకు వస్తారో ముందు చూడు. నచ్చిన బొమ్మల్ని వెతికి దాచుకునే చోటు అది. 2010లో ఆ వేదికను మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన బెన్ సిల్బర్‌మన్‌కు చిన్నప్పుడు పురుగుల్ని సేకరించే అలవాటు ఉండేదట. నచ్చినవి ఏరుకుని ఒక వరుసలో దాచుకునే ఆ బుద్ధే ఇప్పటికీ దాని స్వభావం. 2024లో నెలవారీ వాడకందార్ల సంఖ్య 50 కోట్లు దాటింది. వాళ్ళలో చాలామంది తమ పనిమీద వచ్చినవాళ్ళే. ఒకరికి గది గోడకు రంగు కావాలి, ఇంకొకరు ఆదివారం కూర్చుని ఒక బొమ్మ వేయడం నేర్చుకోవాలనుకుంటున్నారు. నువ్వెవరో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వాళ్ళ పనికి నీ బొమ్మ పనికొస్తే దాచుకుంటారు. అలా రెండు మూడుసార్లు పనికొస్తే, అప్పుడు పేరు చూస్తారు. ఫాలోయర్లు అక్కడ చిట్టచివర వచ్చేవాళ్ళు. నువ్వేమో వాళ్ళ కోసం మొదట్లోనే గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నావు.

నా సంగతే చెబుతాను. ఎంతో కష్టపడి కుట్టిన నెమళ్ళు, పూలతీగలు నా ఖాతాలో బోలెడు ఉన్నాయి. ఇప్పటికీ కొత్తవాళ్ళను ఎక్కువగా తెచ్చేది మాత్రం ఏళ్ళ క్రితం పెట్టిన ఒక మామూలు పిన్ (అక్కడ పెట్టే ఒక్కో బొమ్మను పిన్ అంటారు). ఎంబ్రాయిడరీ ఫ్రేములో బట్ట వదులవకుండా ఉండాలంటే లోపలి రింగుకు నూలు పట్టీ చుట్టాలి కదా, అది ఎలా చుట్టాలో చూపించే ఫొటో. చూడటానికి అందులో అందమేమీ లేదు. రెండు చేతులు, ఒక రింగు, సగం చుట్టిన పట్టీ, అంతే. నా నెమళ్ళకు కొంచెం చిన్నతనమే, అయినా జనం దాచుకున్నది ఆ పట్టీనే.

దాచుకోవడానికి ఇంత విలువ ఎందుకో కూడా చెప్పాలి. 2018లో ఆ సంస్థ పరిశోధకులు తమ సిఫారసుల యంత్రాంగం, అంటే ఎవరికి ఏ పిన్ చూపాలో ఎంచే ఏర్పాటు గురించి ఒక పత్రం ప్రచురించారు. పిన్‌సేజ్ అని దానికి పేరు. పిన్‌లను, జనం వాటిని పేరు పెట్టి దాచుకునే అరల్లాంటి బోర్డులను బిందువులుగా తీసుకుని, ఏ పిన్ ఏ బోర్డులో ఉందో గీతలతో కలుపుకుంటూ పోయారు. మొత్తం 300 కోట్ల బిందువులు, 1800 కోట్ల గీతలు. దాని తర్వాత యంత్రాంగం ఎన్నో మార్పులు పొందింది గాని, మనకు కావలసిన విషయం అందులోనే ఉంది. ఎవరైనా నీ బొమ్మను ‘వాటర్ కలర్ ఆకాశాలు’ అనే తమ బోర్డులో దాచుకున్నారనుకో. అక్కడ ముందునుంచే ఉన్న ఆకాశాలన్నీ నీ బొమ్మకు ఇరుగుపొరుగు అవుతాయి. అలాంటివి ఇష్టపడేవాళ్ళకు నీది చూపించవచ్చని యంత్రానికి అర్థమవుతుంది. ఒక్కరు చేసిన సేవ్, అంటే అలా దాచుకోవడం, నీకు ఓటూ అవుతుంది, చిరునామా కూడా అవుతుంది.

మొట్టమొదట సేవ్ చేసేది నువ్వే కాబట్టి, మొదటి చిరునామా రాసేది కూడా నువ్వే. ఇప్పుడు నీ బోర్డు చూడు. దాని పేరు ‘నా లోకం’. అందులో ఆకాశాలు, పిల్లి, పెన్సిల్ గీతలు, ఎవరివో సూక్తులు, ఒక జత చెప్పులు. ఇది చూసి యంత్రం ఏమనుకోవాలి? మనిషైనా ఏమనుకోవాలి? ఆకాశాలకు ఒక బోర్డు, ఆకులకు ఒకటి, మొదటిసారి రంగులు పట్టేవాళ్ళకు ఒకటి చొప్పున విడగొట్టు. పేర్లు సూటిగా ఉండాలి. చెప్పుల మీద అంత ప్రేమ ఉంటే రహస్య బోర్డులో పెట్టుకో, ఎవరికీ కనిపించదు.

ఇక నీ వాన మబ్బు బొమ్మ తీసుకుందాం. నీ ఖాతాలో నాకు బాగా నచ్చింది అదే. దానికి ‘మనసులో కురిసిన వాన’ అని శీర్షిక పెట్టావు. కవిత్వం బాగుంది. కాని సెర్చ్ పెట్టెలో ఆ మాటలు టైపు చేసే ప్రాణి ఈ భూమ్మీద ఉంటుందా? ‘వాటర్ కలర్‌తో వాన మబ్బులు: తడి కాగితం మీద రంగు పరిచే పద్ధతి’ అని రాయి. శీర్షికకు 100 అక్షరాల దాకా చోటు ఉన్నా, వరుసలో వెళ్ళిపోతున్నవాడి కంటికి ఆనేది మొదటి నాలుగైదు మాటలే. కాబట్టి అసలు విషయం ముందు రావాలి. వివరణలో రెండు మూడు మామూలు వాక్యాలు చాలు: ఏ కాగితం, ఏ రంగులు, మబ్బు అంచు తెల్లగా ఎలా వచ్చింది. హాష్‌ట్యాగుల దండలు గుచ్చకు, అక్కడ వాటితో ఒరిగేది పెద్దగా లేదు. వెతికేవాళ్ళు ఏ భాషలో టైపు చేస్తారో ఆ భాషలోనే శీర్షిక ఉండాలి. నువ్వు బొమ్మలు నేర్పే పాఠాలు ఇంగ్లిషులో వెతికేవాళ్ళ కోసమైతే ఇంగ్లిషులో రాయి, తెలుగువాళ్ళ కోసమైతే తెలుగులో రాయి. రెండూ కలగాపులగం చేస్తే ఇద్దరికీ అందవు.

ఏ మాటలు వాడాలో నన్ను అడగక్కర్లేదు. ఆ సెర్చ్ పెట్టెలో ‘వాటర్ కలర్’ అని కొట్టి ఆగు. కింద వరుసగా సూచనలు వస్తాయి. అవి జనం నిజంగా వెతుకుతున్న మాటలు. అక్కడే పింటరెస్ట్ ట్రెండ్స్ అనే పరికరం కూడా ఉంది. ఏ విషయం ఏ నెలలో ఎక్కువ వెతుకుతున్నారో గ్రాఫు గీసి చూపిస్తుంది. అది చూస్తే నీకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది: జనం ముందుగానే వెతకడం మొదలుపెడతారు. కొత్త సంవత్సరం డైరీ పేజీలు డిసెంబరు ఆఖరి వారంలో పెడితే పెళ్ళయ్యాక శుభలేఖ పంచినట్టే. కనీసం నెలా నెలన్నర ముందు పెట్టాలి.

ఫొటో సంగతి. నువ్వు బల్ల మీద బొమ్మను అడ్డంగా తీశావు, పక్కన ఛార్జరు వైరు కూడా పడింది. ఆ తెరలన్నీ నిలువు చట్రాలు. వెడల్పుకు ఎత్తు 2:3 నిష్పత్తిలో, అంటే 1000 పిక్సెళ్ళ వెడల్పు, 1500 ఎత్తు ఉండాలి. అంతకంటే పొడుగైతే ఫీడ్‌లో కింది భాగం తెగిపోవచ్చు. బొమ్మ మీద అక్షరాలు వేస్తే కొద్దిగా వేయి, పెద్దగా వేయి. ఫోను చేయి చాచి పట్టుకుని చదువు. చదవలేకపోతే ఎవరూ చదవలేరు.

పూర్తయిన బొమ్మ ఒక్కటే పెట్టి ఊరుకోవడం నీ అసలు లోపం. మబ్బు తెల్లదనం కోసం తడి రంగును టిష్యూ కాగితంతో అద్ది తీశావు కదా, ఆ క్షణం నాకు చూపించు. టిష్యూ లేస్తున్నప్పుడు కింద తెలుపు బయటపడే ఫొటో ఒక పిన్. నీలం, బూడిద రంగులు పళ్ళెంలో ఎంత పలుచగా కలిపావో చూపేది ఇంకో పిన్. మొత్తం పని పావు నిమిషంలో చూపే వీడియో మూడోది. అన్నీ ఒకే పాఠానికి దారి తీయవచ్చు. ఒకే ఫొటోను పదిసార్లు పెడితే మాత్రం అది చెత్త కింద లెక్క. వీటిని ఒకే రోజున కుమ్మరించకు. ముందే తేదీలు వేసి పెట్టుకునే సదుపాయం అక్కడే ఉంది, వారాల తరబడి కొద్దికొద్దిగా వెళ్ళనీ.

చేయి కనిపించే ఫొటోలకు ఇప్పుడు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. కృత్రిమ మేధ తయారు చేసిన బొమ్మలు అక్కడ వెల్లువెత్తి, జనం విసుక్కోవడం మొదలుపెట్టాక, 2025లో ఆ సంస్థ అలాంటి వాటికి ముద్ర వేయడం మొదలుపెట్టింది. కుంచె, తడి కాగితం, రంగు అంటిన గోరు కనిపిస్తే, ఇది మనిషి వేసిందేనని ప్రత్యేకంగా చెప్పుకోనక్కర్లేదు. బొమ్మ మూలలో చిన్నగా నీ సంతకం కూడా ఉండనీ. ఎత్తుకుపోయేవాళ్ళు ఎత్తుకుపోతారనుకో, అప్పుడు కాపీరైటు ఫిర్యాదు ఫారం ఉంది, నింపి నీ పని నువ్వు చూసుకో. నువ్వు మాత్రం ఇతరుల పిన్ దాచుకునేటప్పుడు వాళ్ళ లింకు తీసేయకు.

లెక్కల గురించి. ఇంప్రెషన్ అంటే నీ పిన్ ఎవరి తెర మీదో కనిపించింది, అంతే. వాళ్ళు చూశారని కూడా కాదు, బొటనవేలు దాన్ని దాటేసి ఉండవచ్చు. నువ్వు చూడాల్సినవి రెండు: ఎంతమంది సేవ్ చేశారు, ఎంతమంది లింకు నొక్కి బయటికి వచ్చారు. బిజినెస్ ఖాతాకు మార్చుకుంటే ఈ లెక్కలన్నీ ఉచితంగా ఇస్తారు. రోజూ చూడకు, మతిపోతుంది. నెలకోసారి చూసి, సేవ్‌లు ఎక్కువ వచ్చిన పిన్ ఏదో పట్టుకుని, అలాంటివే మరికొన్ని చేయి. ఈ పని మెల్లగా పుంజుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇవాళ్టి పోస్టు రేపటికి పాతది. ఇక్కడ ఇవాళ పెట్టిన పిన్ వచ్చే ఏడాది సెర్చ్‌లో పైకి రావచ్చు. కాబట్టి ఇంకో ఆరు నెలలు అసలు ఫలితం గురించి మాట్లాడకు, నాతో కూడా.

లింకుకు తప్పకుండా నీ సొంత చోటు పెట్టు. చిన్న వెబ్‌సైటు చాలు. దాన్ని నీదిగా అక్కడ ధ్రువీకరించుకుంటే, వేరేవాళ్ళు నీ సైటు నుంచి దాచుకున్న పిన్‌ల మీద కూడా నీ పేరు వస్తుంది. లింకులను కుదించే సేవలు వాడకు, అడ్డుకునే అవకాశం ఎక్కువ. పిన్‌లో మబ్బు పాఠమని చెప్పి లింకు నొక్కితే నీ మొదటి పేజీకి తీసుకెళ్ళకు. వచ్చినవాడు వెతుక్కోడు, వెళ్ళిపోతాడు. సొంత చోటు ఎందుకంటావా? 2021లో ఆ సంస్థ క్రియేటర్లకు డబ్బిచ్చే క్రియేటర్ రివార్డ్స్ పథకం పెట్టింది, 2022 చివర్లో ఎత్తేసింది. ఐడియా పిన్‌లని ఒక రకం తెచ్చింది, మొదట్లో వాటికి బయటి లింకు ఇవ్వలేదు, 2023లో అన్నిటినీ కలిపి ఒకటే రకం పిన్ చేసింది. వాళ్ళ వ్యాపారం వాళ్ళది, తప్పు పట్టలేం. కాని నీ పాఠాలు, నీ దగ్గర నేర్చుకునేవాళ్ళ ఈమెయిళ్ళు వాళ్ళ నిర్ణయాలకు కట్టుబడి ఉండకూడదు.

చివర్లో, నువ్వు సిగ్గుపడుతూ అడిగిన ప్రశ్న. డబ్బు కడితే వెయ్యిమంది ఫాలోయర్లను ఇస్తామని ఎవరో రాశారన్నావు. ఆ వెయ్యిమందిలో ఒక్కరు కూడా మబ్బు వేయరు, ఒక్కరు కూడా దాచుకోరు. పైగా దొరికితే ఖాతాకే ఎసరు. ఆ డబ్బుతో నూరు శాతం నూలు కాగితం కట్ట కొనుక్కో, నువ్వు వాడుతున్నది తడి తగలగానే ముడుచుకుంటోంది, ఫొటోలో తెలిసిపోతోంది.

నీ పెద్దమ్మ