పాత యూరప్ చిత్రాల్లో మెడ చుట్టూ ఆ పెద్ద కుచ్చుల పట్టీ ఎందుకు?

ప్రధానంగా హోదా చూపించుకోవడానికే. రఫ్ అనే ఈ పట్టీ 16వ శతాబ్దంలో చొక్కా మెడ దగ్గర చిన్న కుచ్చుగా మొదలై, పోనుపోను పళ్లెమంత వెడల్పయింది. మీటర్ల కొద్దీ సన్నని లినెన్ బట్ట కావాలి. ఉతికిన ప్రతిసారీ గంజి పెట్టి, వేడి కడ్డీతో ఒక్కో మడతా మళ్లీ తీర్చాలి. ఇంత చాకిరీ పనివాళ్లున్న ఇళ్లకే సాధ్యం. పెద్ద రఫ్ వేసుకుని వంగి పని చేయడం కష్టం, వానలో తడిస్తే గంజి మెత్తబడి వాలిపోతుంది. ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ చిత్రాలు చూడండి, లేసు రఫ్ ముఖం చుట్టూ చక్రంలా నిలబడి ఉంటుంది.

ఇది రాణుల నగలాంటిదని చాలామంది అనుకుంటారు, కాదు. మగవాళ్లూ, వ్యాపారులూ కూడా వేసుకునేవారు. బట్ట ఎంత సన్నం, లేసు ఎంత, వెడల్పు ఎంత అన్నదాంట్లోనే అంతస్తు తెలిసేది.