అమ్మాయి బెల్లం పొడి అమ్ముతానంటోంది

ప్రశ్న: మాది చిత్తూరులో బెల్లం మండీ. నేనూ, మా తమ్ముడూ భాగస్తులం. ఎంబీఏ చదివిన మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి, బెల్లం పొడి ప్యాకెట్లు చేసి అమ్ముతానంటోంది. అప్పులు మన మెడకు చుట్టుకుంటాయని తమ్ముడి భయం. పెళ్లి కావలసిన పిల్లకు వ్యాపారమెందుకని అమ్మ గొడవ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తమ్ముడి మాట రాశారు, అమ్మగారి మాట రాశారు. మీ మాట రాయలేదు. ముందు అది తేల్చుకోండి, అమ్మాయి ఎదురుచూసేది దానికోసమే.

తమ్ముడి భయంలో న్యాయముంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, సంస్థ అప్పుకు భాగస్తులందరూ బాధ్యులే. సొంత ఆస్తులకూ ఎసరు రావచ్చు. అందుకే ఈ వ్యాపారాన్ని మండీలో కలపొద్దు. అమ్మాయి పేరుతో వేరే సంస్థ, వేరే బ్యాంకు ఖాతా, వేరే లెక్కలు పెట్టించండి. మీ సొంత వాటాలోంచి పోయినా తట్టుకోగలిగినంతే ఇవ్వండి. అంతకు మించి ఇవ్వనని ముందే చెప్పండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపైన ఉద్యమ్ నమోదుకు ఫీజు లేదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మనివ్వకండి. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీతో కేంద్రం 2020లో ఒక పథకం పెట్టింది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో బ్యాంకులో కనుక్కోండి. సబ్సిడీ వస్తుంది కదా అని మాత్రం పెద్ద యంత్రాలు కొనొద్దు.

డబ్బుకన్నా విలువైనది మీ దగ్గర ఇంకొకటుంది. ఏ రైతు రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలపకుండా వండుతాడో, ఏ బెల్లం వానాకాలంలో నీరు కారుతుందో మీకు చూడగానే తెలుస్తుంది. ఏ కాలేజీలోనూ చెప్పని చదువది. అమ్మాయిని వెంట తీసుకెళ్లి ఆ రైతులకు పరిచయం చేయండి. ధర, ప్యాకింగ్, ఎవరికి అమ్మాలన్నది తననే నిర్ణయించుకోనివ్వండి. మొదట్లో కొంత సరుకు పాడవుతుంది. అప్పుడు అందరి ముందూ "నేను ముందే చెప్పా" అనకండి. ఆ ఒక్క మాటతో మళ్లీ మీ దగ్గరకు సలహాకు రాదు.

ఇక పెళ్లి సంగతి. కొడుకై ఉంటే ఈ ప్రశ్న వచ్చేదా? ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కునిస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. సంస్థ తన పేరున ఉంటే, పెళ్లయి ఏ ఊరు వెళ్లినా చిత్తూరు నుంచి సరుకు తెప్పించుకుని నడుపుకుంటుంది. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ విషయం దాచకుండా చెప్పండి.

కాగితాలు మొదలుపెట్టకముందే తమ్ముడితో విడిగా కూర్చోండి. రేపు వాళ్ల పిల్లలు ఏదైనా మొదలుపెడతానన్నా ఇదే పద్ధతని, మీరే అండగా ఉంటారని చెప్పండి.