బ్రిటిష్ రాక్ బ్యాండ్ ‘ద హూ’ డ్రమ్మర్ కీత్ మూన్ తాళం తప్పి వాయించేవాడా?

లేదు, కీత్ మూన్ (1946–1978) తాళం మీదే ఉండేవాడు, కాకపోతే మిగతా రాక్ డ్రమ్మర్లలా దాన్ని విడిగా వినిపించేవాడు కాదు.

మామూలుగా హై-హ్యాట్, అంటే కాలితో తొక్కే జంట తాళాల మీద, టిక్ టిక్‌మని లెక్క నడుస్తుంది. మూన్ ఆ హై-హ్యాట్‌ను చాలావరకు పక్కన పెట్టేశాడు. కాలితో వాయించే పెద్ద బేస్ డ్రమ్ములు రెండు, వరసగా టామ్‌లు (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ములు) పెట్టుకుని, గాయకుడి మాటనీ గిటార్ విరుపునీ వెంటాడుతూ వాయించేవాడు. శ్రీకాకుళం, విజయనగరం జాతరల్లో తప్పెటగుళ్లు చూసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది: గుండె మీది తప్పెటను రెండు చేతులా వాయిస్తూ ఎంత గెంతినా, కాలి గజ్జెలు లెక్క వదలవు.

1970లలో కొన్ని పాటలకు బ్యాండ్ ముందే టేపు మీద రికార్డు చేసిన సింథసైజర్ (ఎలక్ట్రానిక్ వాద్యం) ట్రాక్ వాడేది. మూన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ ట్రాక్‌తో కలిసి స్టేజి మీద వాయించేవాడు. టేపు ఎవరి కోసమూ ఆగదు. తాళం లేనివాడికి అది అయ్యే పని కాదు.

డ్రమ్ములు తన్నేయడం, హోటల్ గదులు పాడుచేయడం నిజమే. ఆ కథలు విని వాయింపు కూడా అడ్డదిడ్డమే అనుకుంటారు. చివరి రోజుల్లో తాగుడు వల్ల వాయింపు దెబ్బతింది, అది వేరే సంగతి.