చిన్న తరగతులకు సంగీతం చెప్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా సంగీతం పీరియడ్లు నీకే ఇచ్చారని తెలిసి చాలా సంతోషించాను. సరళీ స్వరాలతో, అంటే కర్ణాటక సంగీతంలోని తొలి స్వరపాఠాలతో మొదలుపెట్టనా, పాటలతోనా అని అడిగావు. రెంటికంటే ముందు వినడం నేర్పు. ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టుకుని చెప్పే పాఠం వేరు, నలభై నిమిషాల్లో ముప్పై అయిదు మందికి చెప్పే పాఠం వేరు. అంతమంది ఒకేసారి గొంతెత్తితే ఎవరి గొంతు వాళ్లకు వినబడదు. వినబడక అరుస్తారు. అందుకే మొదటి రోజు నుంచే ఒక నియమం పెట్టుకో: నువ్వు పాడేటప్పుడు వాళ్లు వినాలి, వాళ్లు పాడేటప్పుడు నువ్వు వినాలి. వాళ్లతో కలిసి పాడావంటే నీ గొంతు పట్టుకుని వేలాడతారు, ఎవరు శ్రుతి తప్పారో నీకూ తెలియదు.

శ్రుతి ముందే చూసుకో. నువ్వు ఐదు శ్రుతికి, అంటే హార్మోనియంలో ఐదో తెల్ల మెట్టును ‘స’గా పెట్టుకుని పాడతావు. ఆ ఆధార షడ్జం (స) ఆరేడేళ్ల పిల్లలకు మరీ కింద, అక్కడ పాడిస్తే గొణుగుతారు. హార్మోనియం మధ్య స్థాయిలో ఒకటి నుంచి ఆరు దాకా వాళ్ల గొంతు హాయిగా తిరుగుతుంది. షడ్జం అక్కడి ఒకటికో రెండుకో పెట్టి, మొదటి పాటలు పంచమం (ప) దాటనివి ఎంచుకో. తంబూరా యాప్ వాడితే ఫోన్‌ను స్పీకరుకు కలుపు. ఫోన్‌లోంచి కింది నాదం సరిగా రాదు, వెనక బెంచీలకు అసలే అందదు.

హాజరు పాటగా తీసుకో. పేరును ప-గ మీద పిలువు, వాళ్లు అదే ప-గ మీద ‘ప్రెజెంట్ టీచర్’ అనాలి. పైనుంచి కిందికి దిగే ఆ రెండు స్వరాలు పిల్లల నోట తేలిగ్గా పలుకుతాయి. రోజుకు పది మందినే పిలువు, మూడు నిమిషాలు చాలు. ఒక్కొక్క గొంతూ విడిగా వినడానికి ఇంతకంటే మంచి వీలు దొరకదు, పరీక్ష పెడుతున్నావని వాళ్లకు తెలియదు కూడా.

లయకు కూడా పేర్లే వాడు. పొట్టి అక్షరానికి ఒక చప్పట. దీర్ఘానికి, ఒత్తక్షరం ముందున్న అక్షరానికి, సున్నా ఉన్నదానికి, చివర పొల్లు వచ్చేదానికి ఒక చప్పట కొట్టి అరచేతిని పక్కకు జార్చాలి, అంటే రెండు మాత్రలు. అప్పుడు సరిత, సీత, లక్ష్మి, చరణ్ అందరూ మూడు మాత్రల ‘తకిట’ జట్టు. శ్రావణి, గోపాల్ నాలుగు మాత్రల ‘తకధిమి’ జట్టు. వెంకటేశ్ ఒక్కడే అయిదు మాత్రల ‘తకతకిట’ అని తేలితే వాడి ముఖం చూడు! తర్వాత ‘తకిట’ వాళ్లు ఒక వైపు, ‘తకధిమి’ వాళ్లు ఒక వైపు నిలబడి వంతులవారీగా తమ పేర్లే నాలుగేసి సార్లు చెప్పాలి. లఘువు గురువు అన్న మాటలు అప్పుడే చెప్పక్కర్లేదు.

ఎనిమిది లెక్కల ఆది తాళం మూడో తరగతి నుంచి చాలు. చిన్నవాళ్లకు ఉంగరపు వేలు విడిగా లేవదు కాబట్టి వేళ్లను రెండో అరచేతికి తాకించమను. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ-విసురు (అరచేతిని పైకి తిప్పడం) రెండుసార్లు. పరుగు ఎక్కడ మొదలవుతుందో గమనించు, దాదాపు ఎప్పుడూ విసురు దగ్గరే. అక్కడ చప్పుడు లేదు కాబట్టి దాన్ని మింగేసి తర్వాతి దెబ్బకు ఉరుకుతారు. విసురు మీద ‘ఉష్’ అనమను, నడక కుదురుతుంది.

పాట నేర్పేటప్పుడు సాహిత్యం బోర్డు మీద రాయకు. కళ్లు బోర్డుకు అతుక్కుంటే చెవులు పనిచేయవు. ముందు పాట మొత్తం రెండుసార్లు నువ్వే పాడి వినిపించు. ఊరికే వినమంటే వినరు, ప్రతిసారీ ఒక పని అప్పగించు: ‘చిలక’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది? గొంతు అన్నింటికంటే పైకి వెళ్లింది ఏ మాట దగ్గర? మూడోసారి ప్రతి చరణంలో చివరి మాట వదిలెయ్, వాళ్లు అందుకుంటారు. ఆ తర్వాతే ఒక్కో పంక్తి. బతుకమ్మ పాటల్లో ‘ఉయ్యాలో’ లాగా అందరూ అందుకునే పల్లవి ఉన్న పాటలు మొదటి నెలకు బాగా నప్పుతాయి.

స్వరాలకు వచ్చేసరికి నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. కర్ణాటక సంగీత పితామహుడు పురందరదాసుల వారి నాటి నుంచి మాయామాళవగౌళే తొలి రాగమన్నది సంప్రదాయం, విడిగా నేర్చుకునేవాళ్లకు అదే మంచిది. కాని తరగతి నిండా పిల్లలున్నప్పుడు ఆ రాగంలో స-రి, గ-మ, ప-ద, ని-స అన్నీ పక్కపక్క మెట్లే, అరమెట్టు దూరమే, వంద తప్పులకు అవకాశం. మొదటి ఏడాది మోహన రాగం పెట్టు. స రి గ ప ద, ఐదింటిలో అరమెట్టు ఎక్కడా లేదు, ఒకడు తప్పు స్వరంలో ఉన్నా చెవికి గుచ్చుకోదు. హాజరులో వచ్చిన ప-గలకు స చేర్చు, కొన్ని వారాలకు రి, ఆ తర్వాత ద.

గ్లాసుల పాఠం నాలుగు, అయిదు తరగతులకు తప్పకుండా చెయ్యి. ఒకే రకం పలుచటి గాజు గ్లాసులు మూడు, మడతపెట్టిన తువ్వాలు, కొట్టడానికి పెన్సిలు, నీళ్లు పోయడానికి చెంచా. స్టీలు చెంచాతో కొట్టించకు, గ్లాసు చిట్లుతుంది. ఒకటి ఖాళీగా ఉంచి మిగతావాటిలో నీళ్లు పోయించు. సగం దాకా శ్రుతి పెద్దగా కదలదు, పిల్లలు విసుగుపడతారు. అంచుకు దగ్గరయ్యేకొద్దీ ఒక్కో చెంచాకే దిగుతుంది, ఆ దశలో అందరూ ఊపిరి బిగపట్టి వింటారు. ఒకే సైజు గ్లాసులతో మూడు స్వరాలు కుదిరితే చాలు. ఐదూ కావాలంటే జలతరంగానికి వాడినట్టు రకరకాల సైజుల పింగాణీ గిన్నెలు తీసుకో. ఇప్పుడు ఒక సీసాలో నీళ్లు పోసి మూతి మీదుగా ఊదుతావు, నీళ్లు పెరిగితే శ్రుతి ఏమవుతుందో ముందే చెప్పమను. దిగుతుందనే అంటారు. ఊదితే పెరుగుతుంది! గ్లాసును కొడితే కదిలేది గాజు, నీటి బరువుకు అది నెమ్మదిస్తుంది. సీసాను ఊదితే కదిలేది లోపలి గాలి, నీళ్లు పోసేకొద్దీ దానికి చోటు తగ్గుతుంది. సమాధానం నువ్వు చెప్పకు, కాసేపు వాదించుకోనివ్వు.

ఒకే కింది స్వరం మీద గొణిగే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ‘నువ్వు పెదవులు కదుపు చాలు’ అని మాత్రం ఎన్నడూ అనకు, ఆ మాట జీవితాంతం ఉండిపోతుంది. వాళ్లకు చెవి లేదని కాదు, పై గొంతు ఇంకా దొరకలేదు. కోయిలలా ‘కూ’ అనిపించు, అంబులెన్సు సైరనులా కిందినుంచి పైకి జార్చమను. ఆ తర్వాత వాడు పలికే స్వరానికి ముందు నువ్వే వెళ్లి కలువు. ఇద్దరి గొంతులూ ఒకటైనట్టు వాడికి వినిపించాక, ఒక్క మెట్టు పైకి తీసుకెళ్లు.

వార్షికోత్సవానికి సినిమా పాట ట్రాకు పెట్టమని ఒత్తిడి వస్తుంది. ఆ ట్రాకులు పెద్దవాళ్ల గొంతుకు చేసినవి, పిల్లలకు కింది స్వరాలు అందవు, పైవి కీచుమంటాయి. పెట్టక తప్పకపోతే శ్రుతి మార్చే యాప్‌లో సరిచేసి, కనీసం మూడు వారాల ముందు నుంచి ఆ శ్రుతిలోనే పాడించు. మైకు ఒకరిద్దరికి ఇవ్వకు, వరస ముందు స్టాండు మీద పెట్టించు.

ఆశీస్సులతో,
నీ టీచరమ్మ