ఒలాజువాన్ 3,830 బ్లాక్‌లని వెంబన్యామా దాటగలడా?

ప్రశ్న: నమస్తే అండీ. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో స్పర్స్ టీమ్‌కి ఆడే వెంబన్యామా మొదటి రెండు సీజన్లు, అంటే 2023-24, 2024-25 కలిపి 117 మ్యాచ్‌లు ఆడి 430 బ్లాక్‌లు (అవతలివాడు వేసిన షాట్‌ని చేత్తో అడ్డుకోవడం) చేశాడు. మ్యాచ్‌కి మూడున్నర పైమాటే. ఇదే ఊపులో వెళ్తే హకీమ్ ఒలాజువాన్ 3,830 బ్లాక్‌ల ఆల్‌టైమ్ రికార్డు ఈజీగా పోతుందని నేనంటున్నా. మా ఫ్రెండేమో నీకేమైనా పిచ్చా, ఈ రోజుల్లో ఎవడూ అన్నేళ్లు అన్ని మ్యాచ్‌లు ఆడడు, ఆ రికార్డు జన్మలో కదలదు అంటున్నాడు. మీరేమంటారు? – ఒక డిగ్రీ స్టూడెంట్

జవాబు: దాటగలడు, కానీ ఈజీగా మాత్రం కాదు. మీ ఫ్రెండ్ చెప్పిన పాయింట్‌లో చాలా నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి.

ముందు లెక్క చూద్దాం. 3,830 లోంచి 430 తీసేస్తే 3,400. సీజన్‌కి 65 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 3.5 చొప్పున వేసుకుంటే ఏడాదికి సుమారు 227 వస్తాయి, అంటే ఆ రెండు సీజన్ల తర్వాత ఇంకో 15 సీజన్లు కావాలి. 2004 జనవరిలో పుట్టాడు కాబట్టి అప్పటికి 36 ఏళ్లు. అందులోనూ మనం 36 ఏళ్లప్పుడు కూడా 3.5 రేటే ఉంటుందనుకుని వేశాం, అలా ఎవరికీ ఉండదు. అదే 2024-25లో లాగా 46 మ్యాచ్‌లే ఆడుతూ పోతే మాత్రం, ఆ సీజన్‌లో వచ్చిన 176 చొప్పున వేసుకున్నా 19 సీజన్లు దాటిపోతుంది, ఇక ఆ రికార్డు మాట మర్చిపోవచ్చు.

ఇక ఒలాజువాన్ సంగతి. అందరూ 3,830 అనే అంకె చూసి ఆగిపోతారు గానీ అది ఎలా పోగయిందో ఒకసారి విడదీసి చూడండి, నాకైతే అక్కడే ఆయన మీద గౌరవం పెరిగిపోయింది. 1984-85లో హ్యూస్టన్‌లో మొదలుపెట్టిన దగ్గర్నుంచి వరసగా 12 సీజన్లు, ఒక్కటి కూడా 200కి తగ్గలేదు. 1990-91లో కంటి దగ్గర మోచేతి దెబ్బ తగిలి ఎముక విరిగి 56 మ్యాచ్‌లే ఆడాడు, అయినా సరే 221. దానికి ముందు సీజన్‌లో 376. ఆ 12 సీజన్లు ముగిసేసరికి, అంటే 1996 ఏప్రిల్‌కి, ఆయన మొత్తం 3,190. అప్పటిదాకా టాప్‌లో ఉన్న కరీమ్ అబ్దుల్ జబ్బార్‌ది 3,189, అంటే ఒకే ఒక్క బ్లాక్ తేడాతో ఆ సీజన్ ముగించాడు!

ఆ తర్వాత ఇంకో ఆరు సీజన్లు ఆడాడు, చివరిది టొరంటోలో. ఆ ఆరింటిలో ఒక్కసారి కూడా 200 రాలేదు, అన్నీ కలిపి 640. మోకాళ్లు, వెన్ను అన్నీ మొరాయిస్తున్న వయసులో సీజన్‌కి ఒక వంద చొప్పున అలా అలా పోగేసుకున్నవి. ఆ 640 లేకపోతే ఇవాళ మొదటి స్థానం ఆయనది కాదు, 3,289 ఉన్న డికెంబే ముటోంబోది.

ఇక్కడే అసలు తిరకాసు ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆల్‌టైమ్ రికార్డులు రెండున్నాయి, ఒకటి మొత్తం బ్లాక్‌లు, రెండోది మ్యాచ్‌కి సగటు. సగటులో (తగినన్ని మ్యాచ్‌లు ఆడినవాళ్లనే ఇందులో లెక్కేస్తారు) టాప్ మార్క్ ఈటన్, 3.50, యూటా జాజ్‌కి ఆడిన ఏడడుగుల నాలుగంగుళాల మనిషి, బాస్కెట్‌బాల్ మానేసి కార్లు రిపేర్ చేసుకుంటుంటే ఒక కోచ్ కంటపడి మళ్లీ ఆటలోకొచ్చాడు, 1984-85లో ఒక్క సీజన్‌లోనే 456 బ్లాక్‌లు. ఇప్పుడు చూడండి, ఒలాజువాన్ ఆ 3,190 చేసింది సరిగ్గా 900 మ్యాచ్‌ల్లో, అంటే 3.54, ఈటన్ కంటే ఎక్కువ. అక్కడితో ఆపేసి ఉంటే సగటు రికార్డు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉండేది. ఇంకో 338 మ్యాచ్‌లు ఆడబట్టి సగటు 3.09కి దిగింది, మొత్తం మాత్రం 3,830 అయ్యింది. వెంబన్యామాకీ ఏదో ఒక రోజు ఇదే పరిస్థితి వస్తుంది. ఒళ్లు బాగున్నప్పుడే ఆగిపోతే ఈటన్‌ని దాటొచ్చు, ఒలాజువాన్‌ని దాటాలంటే మాత్రం తగ్గిన ఒంటితోనే ఇంకా ఐదారేళ్లు లాగాలి. రెండూ కావాలంటే చాలా కష్టం. నన్నడిగితే మొత్తం రికార్డే గొప్పది, అతను దానికోసమే ఆడాలని నా కోరిక.

అతని వైపు బలంగా ఉన్నదేంటంటే వయసు. మొదటి రెండు సీజన్లు పక్కపక్కన పెడితే ఒలాజువాన్ 150 మ్యాచ్‌ల్లో 451, వెంబన్యామా 117 మ్యాచ్‌ల్లో 430, అదీ ఒలాజువాన్ కంటే తక్కువ నిమిషాలు ఆడి. పైగా ఒలాజువాన్‌కి అప్పటికి 23 ఏళ్లు, ఇతనికి 21. రెండేళ్లంటే మాటలా, 400 బ్లాక్‌ల పైనే. ఇంకోటి, ఇతను ఎటాక్‌లో మ్యాచ్‌కి దాదాపు 9 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తూ కూడా 2024-25లో సగటు 3.8 చేశాడు, కాబట్టి బయట షాట్లు వేస్తే బ్లాక్‌లు తగ్గిపోతాయనే భయం ఇప్పటికైతే నాకు లేదు.

ఇక అడ్డంకులు. ఒలాజువాన్ వచ్చిన 1984-85లో ఒక్కో టీమ్ మ్యాచ్‌కి 3 త్రీలు వేసేది, 2024-25లో 37 దాటింది. రిమ్ (బాస్కెట్ రింగు) దగ్గరికొచ్చి షాట్ వేసేవాళ్లు తగ్గితే బ్లాక్ చేయడానికి బాల్ ఎక్కడ దొరుకుతుంది? దానికి తోడు ఇతనంటే భయం. స్పర్స్ మ్యాచ్ పెట్టినప్పుడు బాల్‌ని వదిలేసి కాసేపు ఇతన్నే చూడండి. అవతలి టీమ్ గార్డ్ (బాల్ తెచ్చే ఆటగాడు) ఒకడు తన డిఫెండర్‌ని దాటేసి ఫుల్ స్పీడ్‌లో పెయింట్‌లోకి, అంటే రిమ్ ముందుండే రంగు వేసిన చోటుకి వస్తాడు, లేఅప్‌కి (రిమ్ పక్కనుంచి వేసే సులువైన షాట్‌కి) దారి క్లియర్‌గానే ఉంటుంది, ఇతనేమో ఇంకా అవతలి అంచున ఒక కాలు వెనక్కి పెట్టి చేతులు చాపి నిలబడి ఉంటాడు, గార్డ్ బాల్ సగం ఎత్తుతాడు, కళ్లు ఒక్కసారి ఇతని వైపు తిరుగుతాయి, అంతే, బాల్ కిందికి లాక్కుని రిమ్ కిందనుంచి బేస్‌లైన్ వెంట అవతలికి వెళ్లిపోయి కార్నర్‌లో ఉన్నవాడికి పాస్ ఇచ్చేస్తాడు. డిఫెన్స్‌లో అంతకంటే ఏం కావాలి చెప్పండి, కానీ స్టాట్స్ షీట్‌లో మాత్రం సున్నా. ఇతను ఎంత బాగా ఆడితే అవతలివాళ్లు అంత దూరంగా ఉంటారు, అలా ఎన్ని బ్లాక్‌లు పోతాయో ఎవరూ లెక్కపెట్టలేరు.

ఇక గాయాలు. 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టిందని తేలి మిగతా సీజన్ మొత్తం కూర్చోవాల్సొచ్చింది. ఆ వేసవిలోనే ఆడొచ్చని డాక్టర్లు చెప్పారు, సంతోషం. కానీ ఏడడుగులు దాటిన ఒళ్లు అన్నేళ్లు ఎగిరి దూకడం మామూలు విషయం కాదు. ఈటన్ 11 సీజన్లలో 875 మ్యాచ్‌లు ఆడాడు, అంటే ఏడాదికి దాదాపు 80, అదీ చివరికి వెన్నునొప్పితోనే ఆగింది. సెర్జ్ ఇబాకాని గుర్తు చేసుకోండి, పాతికేళ్లు నిండకముందే వరసగా నాలుగు సీజన్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ బ్లాక్‌లు అతనివే, చివరికి ఒలాజువాన్ లెక్కలో సగానికి కూడా రాలేదు. డ్వైట్ హోవర్డ్ ఒలాజువాన్ కంటే నాలుగు మ్యాచ్‌లు ఎక్కువే ఆడినా 2,228 దగ్గర ఆగాడు.

నా అంచనా అడిగితే 3,000 దాటుతాడని గట్టిగా నమ్ముతున్నా. 3,830 అంటే సగానికి కొంచెం తక్కువ ఛాన్స్ ఇస్తా. ఒలాజువాన్ రిటైరైన 2002 తర్వాత లీగ్‌లోకొచ్చిన వేరే ఏ ఆటగాడికీ నేను అందులో పదో వంతు కూడా ఇచ్చేవాణ్ణి కాదు, అది కూడా మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

ప్రశ్న: బిల్ రస్సెల్, విల్ట్ చాంబర్లేన్ ఈ లిస్ట్‌లో ఎందుకు లేరు? వాళ్లని మించినవాళ్లు లేరంటారు కదా.

జవాబు: ఎన్‌బీఏ బ్లాక్‌లని లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74 సీజన్ నుంచి. రస్సెల్ 1969లో, చాంబర్లేన్ 1973లో ఆపేశారు, అందుకే వాళ్ల పేరు మీద ఒక్క బ్లాక్ కూడా లేదు. 11 టైటిళ్లు గెలిచిన రస్సెల్ డిఫెన్స్‌కి లెక్కే లేకపోవడం నాకెప్పుడూ బాధే. కరీమ్‌కి కూడా అన్యాయం జరిగింది, అతను 1969లో వచ్చాడు కాబట్టి 22 నుంచి 26 ఏళ్ల మధ్య ఆడిన నాలుగు సీజన్లు, అంటే కాళ్లల్లో బాగా స్ప్రింగ్ ఉన్న రోజులు, లెక్కలోకే రాలేదు. ఒలాజువాన్‌కీ అతనికీ తేడా 641. ఆ నాలుగు సీజన్లలో ఏడాదికి 161 చేసి ఉన్నా చాలు, లెక్క మొదలైన మొదటి సీజన్‌లోనేమో అతను 283 చేశాడు. ఇక మీరే చెప్పండి, లెక్కపెట్టి ఉంటే ఇవాళ వెంబన్యామా ఎవరి వెనకాల పరిగెత్తేవాడో.

ప్రశ్న: మా కాలేజ్ టీమ్‌లో అందరికంటే పొడుగు నేనే. బ్లాక్ కోసం ఎగిరిన ప్రతిసారీ ఫౌలో గోల్‌టెండింగో (రిమ్‌లోకి దిగుతున్న బాల్‌ని ముట్టుకోవడం) ఇస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు ముందే ఎగిరిపోతున్నట్టున్నారు. షూటర్ కాళ్లు నేల వదిలేదాకా మీ కాళ్లు వదలకూడదు, పొడుగున్నవాళ్లకి ఆ అర సెకను లేటైనా చేయి అందుతుంది. ఎగిరితే నిటారుగా పైకి ఎగరండి, ముందుకి పడితే ఒళ్లు తగులుతుంది, ఫౌలే. చేతిని పైనుంచి కిందికి కొట్టకండి, పైకెత్తి బాల్‌కి అడ్డంగా పెట్టండి చాలు. బాల్ పైకి వెళ్తున్నప్పుడే ముట్టుకోవాలి, కిందికి దిగడం మొదలైనా, బోర్డుకి తగిలాక రిమ్ వైపు వెళ్తున్నా వదిలేయండి. రస్సెల్ అయితే బాల్‌ని బయటికి బాదేసేవాడు కాదు, మెల్లగా తట్టి తన టీమ్‌మేట్ చేతిలో పడేలా చూసేవాడు, ఎందుకంటే బయటికి పోతే బాల్ మళ్లీ వాళ్లదే. కాళ్ల పని గురించి కూడా ఆలోచించండి, ఒలాజువాన్ లాగోస్‌లో చిన్నప్పుడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా, హ్యాండ్‌బాల్ కూడా ఆడి ఆ తర్వాతే బాస్కెట్‌బాల్‌కొచ్చాడు, పక్కకి జరిగే ఆ వేగం అక్కడిదే. రోజూ కాసేపు బాల్ లేకుండా, ఫ్రెండ్‌ని ఎదురుగా షాట్ ఫేక్‌లు (షాట్ వేస్తున్నట్టు నటించడం) వేయమని, ఎగరకుండా పాదాలతో మాత్రమే అతన్ని ఫాలో అవ్వడం ప్రాక్టీస్ చేయండి.