కిడ్నీ దగ్గర ఆగిపోకు తమ్ముడూ

తమ్ముడూ,

కిడ్నీ మార్పిడి అయిన కుర్రాడి మీద నువ్వు రాసిన ఆర్టికల్ రెండుసార్లు చదివా. వాళ్లమ్మ కిడ్నీ ఇవ్వడం, ఆపరేషన్ థియేటర్ బయట వాళ్ల నాన్న కూర్చోలేక నిలబడలేక తిరగడం, అన్నీ బాగా రాశావ్. కానీ ఆ పిల్లాడికి చిన్నప్పుడే పేగు ముక్క వేసి బ్లాడర్, అంటే మూత్రం నిలిచే సంచి, పెద్దది చేశారని ఒక్క లైన్‌లో చెప్పి వెళ్లిపోయావ్ చూడు, అసలు కథంతా అక్కడే ఉంది.

కిడ్నీలు ఎందుకు పోయాయని అడిగావా? కొంతమంది మగపిల్లలకి పుట్టుకతోనే మూత్రం దారిలో పొరలు అడ్డుంటాయి, కొంతమందికి వెన్నుపూస సరిగ్గా మూసుకోక బ్లాడర్ నరాలు పనిచేయవు, అప్పుడు బ్లాడర్ గట్టిపడిపోయి లోపలి ప్రెషర్ అంతా పైకి తన్ని కిడ్నీల మీద పడుతుంది. మన దగ్గర టీబీతో బ్లాడర్ కుంచించుకుపోయినవాళ్లూ ఉన్నారు. దాన్ని అలాగే వదిలేసి కొత్త కిడ్నీ పెడితే పాతవాటికి పట్టిన గతే దీనికీ పడుతుంది, అందుకే ముందు చిన్నపేగు ముక్కతో సంచిని పెద్దది చేస్తారు. ఈ కారణం చెప్తే ఆ రెండు ఆపరేషన్లకీ లింకు దొరుకుతుంది.

పేగు ఎక్కడ కుట్టినా పేగే కదా, జిగురు వదులుతూనే ఉంటుంది, మూత్రంలోని యాసిడ్‌ని మళ్లీ రక్తంలోకి లాగుతుంది. ఒకరోజు వాళ్లింటికెళ్లు, వాళ్లు ఒప్పుకుంటేనే. పెద్ద సిరంజితో ట్యూబ్‌లోంచి బ్లాడర్‌లోకి సెలైన్ ఎక్కించి వెనక్కి లాగితే ఆ జిగురు గుడ్డు తెల్లసొనలా తీగలు తీగలుగా వస్తుంది. అది కడగకపోతే రాళ్లు, ఇన్ఫెక్షన్లు. ఇదంతా ఆర్టికల్‌లో రాసెయ్, అసహ్యం అనుకోకు.

ట్యూబ్ సంగతి కూడా రాసెయ్. ఇలాంటి బ్లాడర్ చాలామందిలో తనంతట తాను ఖాళీ కాదు, సన్న ట్యూబ్ పెట్టి మూత్రం తీసెయ్యాలి. ఆ ట్యూబ్ స్టెరైల్‌గా, అంటే క్రిములే లేనంత శుభ్రంగా, లేకపోయినా పర్లేదు, చేతులు శుభ్రంగా కడుక్కుని టైంకి ఖాళీ చేస్తే చాలని 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే డాక్టర్ చూపించాడు, ఇవాళ ఈ పిల్లలు కాలేజీకి వెళ్తున్నారంటే అందులో ఆయన వంతు చాలా ఉంది. మరి ఆ కాలేజీలో నీళ్లొచ్చే బాత్రూమ్, గడియ పడే తలుపు ఉన్నాయా? ఎల్బీనగర్ నుంచి పంజాగుట్టకి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏం చేస్తాడు? ఇవి వాళ్లమ్మ ముందు కాదు, అతన్ని విడిగా కూర్చోబెట్టి అడుగు. పేరు, ఏరియా, కాలేజీ మూడూ మార్చెయ్, రేపు సంబంధం చూసేటప్పుడు నీ ఆర్టికల్ అడ్డురాకూడదు.

యూరిన్ టెస్ట్‌లో బ్యాక్టీరియా కనపడగానే ఇన్ఫెక్షన్ అని రాసెయ్యకు, ట్యూబ్ వాడేవాళ్లలో అది మామూలే, జ్వరం ఉందా, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగిందా అని డాక్టర్ చూసి తేలుస్తారు. అలాగని జాలి కథ కూడా చెయ్యకు. ఇన్ఫెక్షన్లు ఎక్కువే, నిజమే, కానీ జాగ్రత్తగా చూసుకుంటే ఇలాంటి బ్లాడర్‌కి కలిపిన కిడ్నీలు చాలామందిలో ఏళ్ల తరబడి బాగానే పనిచేస్తున్నాయి. ఇంట్లో ఎవరి కిడ్నీ కూడా మ్యాచ్ కాకపోతే, చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకి అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవచ్చని ఒక ముక్క వెయ్యి, చదివేవాళ్లలో అవసరమైనవాళ్లు ఉంటారు.

డిశ్చార్జ్ సీన్ తీసెయ్. ముందు ఆ పేగు పేరా ఒక్కటే రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

మీ అన్న