పాప మొదటి సత్ప్రసాదం రోజున నేనెక్కడ కూర్చోవాలి?

ప్రశ్న: మాది లూథరన్ కుటుంబం. పదకొండేళ్ల క్రితం పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లోని ఆర్‌.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబానికి కోడలిగా వచ్చాను. మేత్రాణుల (బిషప్పు గారి) అనుమతితో పెళ్లి కతోలిక దేవాలయంలోనే జరిగింది. నేను సంఘం మారలేదు, మారమని ఎవరూ బలవంతపెట్టలేదు. వచ్చే నెలలో మా పాప మొదటి దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకోబోతోంది. "తల్లివి నువ్వు కూర్చుండిపోతే నలుగురూ ఏమనుకుంటారు? వరసలో వచ్చి తీసుకో, ఫాదర్ గారు ఆపరులే" అంటున్నారు మా అత్తగారు. "పిల్లను పెళ్లినాడే వాళ్లకు రాసిచ్చేశావు, అక్కడ తీసుకున్నావంటే ఇక నువ్వూ పోయినట్టే. నీకు మళ్లీ బాప్తిస్మం ఇస్తారు చూడు" అంటోంది మా అమ్మ. మా విచారణ గురువులు (ఇక్కడి దేవాలయపు ఫాదర్ గారు) మాత్రం తీసుకోకూడదనీ, కావాలంటే ఆశీర్వాదానికి రమ్మనీ చెప్పారు. లూథరన్లు తీసుకోవచ్చని పోపు గారే అన్నారంటూ మా ఆడపడుచు వాట్సాప్‌లో వీడియో పంపింది. మావారు "నీ ఇష్టం" అని తప్పుకుంటున్నారు. కన్ఫర్మేషన్ అయిన నాటినుంచి మా సంఘంలో ప్రభువు బల్లలో (ప్రభు భోజనంలో) పాలుపొందుతున్న నేను ఆ రోజు పరాయిదాన్నా? మారిపోతే ఈ గొడవ తీరుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి తిరుసభ (కతోలిక సంఘం) నియమానికి సంబంధించినది, దాని జవాబు చాలావరకు స్పష్టమే. రెండవది మీ ఇంటికి సంబంధించినది, అసలు నొప్పి అక్కడే ఉందని నాకనిపిస్తోంది. నేను కతోలిక కుటుంబంలో పుట్టినదాన్ని. నా మాటల్లో అటువైపు మొగ్గు కనిపిస్తే దాన్ని తీసివేసుకుని చదవండి.

ముందుగా వీడియో సంగతి. 2015 నవంబరు 15న పోప్ ఫ్రాన్సిస్ గారు రోము నగరంలోని లూథరన్ దేవాలయానికి వెళ్లినప్పుడు, కతోలికుణ్ణి పెళ్లాడిన ఒక లూథరన్ స్త్రీ సరిగ్గా మీ ప్రశ్నే ఆయనను అడిగింది. ఆయన ఇద్దరికీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఒక్కటేనని గుర్తుచేసి, ప్రభువుతో మాట్లాడుకుని ముందుకు సాగమన్నారు. అయితే దీన్ని అనుమతించే సాహసం తాను చేయనని, అది తన పరిధిలోనిది కాదని కూడా అదే సమాధానంలో చెప్పారు. మీ ఆడపడుచు చూసినది మొదటి సగమై ఉంటుంది. 2018లో జర్మనీ మేత్రాణులు మీవంటి దంపతుల కోసం మార్గదర్శకాలు సిద్ధం చేసినప్పుడు వారిలో వారికే భేదాలు వచ్చి, వ్యవహారం రోముదాకా వెళ్లింది. అంతమంది పండితులకు తెగని చిక్కు మీకు తెగలేదని బాధపడనక్కరలేదు.

నియమం విషయానికి వస్తే, 1983 నాటి తిరుసభ చట్టంలోని 844వ నియమం ప్రకారం కతోలిక గురువులు దివ్యసత్ప్రసాదాన్ని సాధారణంగా కతోలికులకే ఇవ్వాలి. లూథరన్లు మొదలైన ఇతర క్రైస్తవులకు ఇవ్వడానికి మరణాపాయమైనా ఉండాలి, లేదా తప్పించుకోలేని గట్టి అవసరమున్నదని మేత్రాణులైనా నిర్ణయించాలి. అప్పుడు కూడా ఆ వ్యక్తి తన సంఘ కాపరి దగ్గరకు వెళ్లలేని స్థితిలో ఉండి, తనంతట తాను అడిగి, ఈ సంస్కారం విషయంలో కతోలిక విశ్వాసాన్ని వెల్లడించి, తగిన ఆయత్తంతో ఉండాలి. రెండు సంఘాలవారు పెళ్లాడినప్పుడు కూడా ఇది అరుదైన మినహాయింపుగానే ఉండాలని 1993లో రోము వెలువరించిన క్రైస్తవ ఐక్యత మార్గదర్శక గ్రంథం చెబుతోంది. అందుచేత మీ విచారణ గురువులు కఠినంగా మాట్లాడలేదు, తన చేతిలో లేనిదాన్ని ఇస్తానని అనలేదు, అంతే. నలుగురి ముందు ఆపడానికి మొహమాటపడతారని ఆయన మంచితనం మీద భారం వేసి వరసలో నిలబడడం మాత్రం న్యాయం కాదు.

"నేను కూడా అది ప్రభువు శరీరమేనని నమ్ముతున్నాను కదా" అని మీరు అనవచ్చు, అది నిజం కూడా. రొట్టె ద్రాక్షరసాలలో క్రీస్తు నిజంగా ఉన్నాడని లూథరన్లు నమ్ముతారు. కేవలం జ్ఞాపకార్థమేనని చెప్పే సంఘాలకంటే ఈ విషయంలో మీరే కతోలికులకు దగ్గర. అయితే కతోలికుల దృష్టిలో గురువు అప్పాన్ని చూపి "క్రీస్తు శరీరం" అన్నప్పుడు పలికే "ఆమెన్" అనే మాటలో రెండు ఒప్పుకోళ్లు ఉన్నాయి. ఇది క్రీస్తు శరీరమని ఒప్పుకోవడం ఒకటి. ఆ బలిపూజ చేసే గురువుతో, ఆ గురువుకు అభిషేకమిచ్చిన మేత్రాణులతో, పోపు గారితో కలిసిన ఒకే సభలో నేనున్నానని ఒప్పుకోవడం రెండవది. మీరు మొదటిది మనస్ఫూర్తిగా అనగలరు; రెండవది ఇవాళ అనలేరు, అనలేదు కూడా. అనని మాటను మీ నోట పెట్టకుండా ఉండడమే ఈ నియమం చేస్తున్న పని అని నేను అర్థం చేసుకున్నాను. మీ విశ్వాసానికి మార్కులు వేసి తక్కువ వచ్చాయని పక్కన కూర్చోబెట్టడం కాదిది. రెండవ వాటికన్ మహాసభ 1964లో క్రైస్తవ ఐక్యత గురించి వెలువరించిన ప్రకటన మీవంటి సంఘాల ప్రభు భోజనాన్ని గౌరవంగానే ప్రస్తావిస్తూ, గురుత్వాభిషేకం విషయంలో ఉన్న లోపాన్ని కూడా దాచకుండా చెప్పింది. విశ్వాసం ద్వారా నీతిమంతులుగా తీర్చబడడం గురించి మార్టిన్ లూథర్ నాడు మొదలైన వివాదంలో ముఖ్య సత్యాల మీద మనకు ఏకీభావం ఉందని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక తిరుసభ కలిసి సంతకాలు చేశాయి. కానీ బల్ల దగ్గరకు వచ్చేసరికి దారి ఇంకా మిగిలే ఉంది.

ఇంకొకటి గమనించండి. కతోలికులు మీ సంఘంలో బల్ల దగ్గరకు రావడానికి కూడా ఇదే నియమం ఒప్పుకోదు. మీ పుట్టింటి ఊళ్లో సంస్కారపు (ప్రభు భోజనపు) ఆదివారం నాడు మీవారు బెంచీలోనే కూర్చుండిపోతున్నారు కదా, ఇన్నేళ్లలో దాని గురించి మీరిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?

మన డెల్టాలో ఈ భేదాలు ఎలా వచ్చాయో తలచుకుంటే కొంచెం నవ్వు, కొంచెం బాధ కలుగుతాయి. నరసాపురం చుట్టుపక్కల ఇంగ్లండునుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాల బ్రదరిన్ వారు, రాజమండ్రిలో ముందు ఉత్తర జర్మనీ నుంచి, తరువాత అమెరికా నుంచి వచ్చిన లూథరన్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టులు, వీరికి తోడు కతోలిక గురువులు. ఏ ఊరి రేవులో ఏ మిషనరీ పడవ ముందు ఆగిందో, చాలాచోట్ల ఆ ఊరి పేట ఆ సంఘమైంది. మీ ముత్తవ్వగానీ, మీ అత్తగారి ముత్తవ్వగానీ లూథర్ వాదాన్ని, రోము వాదాన్ని తూచి ఎంచుకున్నవారు కారు. అయినా ఆ తరువాత తరాల వారు ఆయా దేవాలయాలలో ప్రార్థించి, పిల్లలను పెంచి, తమవారిని సమాధి చేసుకున్నారు గనుక ఇప్పుడది ఉత్త పడవ ముచ్చట కాదు. అందుకే గొడవ తీరడానికి మారిపోవడమనే ఆలోచన నాకు నచ్చలేదు. కతోలిక విశ్వాసం నిజమని మీకు తోచిన రోజున ఆ తలుపు తెరిచే ఉంటుంది. అప్పుడు కూడా మీకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వరు, ఎందుకంటే త్రియేక దేవుని నామమున నీటితో మీరు పొందిన బాప్తిస్మాన్ని తిరుసభ చెల్లుబాటైనదిగానే అంగీకరిస్తుంది. వచ్చే నెల లోపల, అత్తగారి మొహమాటం కోసం తీసుకోవలసిన నిర్ణయం మాత్రం అది కాదు.

అమ్మగారి ఆరోపణకు కూడా జవాబు ఉంది, అది మీవారి నోట రావాలి. ఇటువంటి పెళ్లిలో బిడ్డలను కతోలికులుగా పెంచడానికి తన శక్తి కొద్దీ ప్రయత్నిస్తానని మాట ఇచ్చేది కతోలిక పక్షమే. రెండవ పక్షానికి ఆ సంగతి తెలియజేస్తారే గాని వారిచేత మాట తీసుకోరు. కాబట్టి పిల్లను మీరు "రాసిచ్చేశారు" అనడం పొరపాటు. మాట ఇచ్చినది ఆయన, ఇవాళ దాని బరువు మోస్తున్నది మీరు. "నీ ఇష్టం" అనే మాట మర్యాదగా వినిపించవచ్చు గాని, ఇరువైపుల పెద్దల మధ్య మిమ్మల్ని ఒంటరిగా నిలబెట్టింది అదే. నాకు కోపం వచ్చిన చోటు ఉత్తరం మొత్తంలో ఇదొక్కటే.

ఇక చేయవలసినది. ఈ వారంలోనే మీరిద్దరూ కలిసి విచారణ గురువుల దగ్గరకు వెళ్లండి. మినహాయింపుకు ఆస్కారం ఏమైనా ఉందా అని అడగాలనిపిస్తే అడగండి, అది మేత్రాణుల దాకా వెళ్లవలసిన విషయమని తెలిసి, పెద్దగా ఆశ పెట్టుకోకుండా అడగండి. అంతకంటే ముఖ్యంగా, పాప వెంట పీఠం దాకా మీరు నడిచి రావచ్చునా, ఆశీర్వాదానికి ఎలా నిలబడాలి అన్నవి ముందే తేల్చుకోండి. ఆ ఆశీర్వాదం చట్టం కాదు, కొన్నిచోట్ల ఉన్న ఆచారం. మీకు అది అవమానంగా తోస్తే మోకరించి మీ చోటనే ప్రార్థించుకోవచ్చు. అత్తగారికి మీవారు ఒక సంగతి గుర్తుచేయాలి. ప్రతి ఆదివారం దివ్యసత్ప్రసాదానికి లేవని కతోలికులు కూడా ఉంటారు, సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం తప్పినవారో, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాల ఒప్పుకోలు) చేయవలసినవారో. వారెవరినీ ఊరు లెక్కపెట్టదు. పాపకు మాత్రం మీరే చెప్పండి. "అమ్మ కూడా యేసయ్యనే నమ్ముతుంది, అమ్మ సంఘం వేరు, మన సంఘాలు ఇంకా ఒక్కటి కాలేదు, అందుకని అమ్మ తీసుకోదు" అంటే తొమ్మిదేళ్ల పిల్లకు బాగానే అర్థమవుతుంది, పెద్దలు గుసగుసలాడితేనే అర్థం కాదు.

మీ అమ్మగారిని ఆ పూజకు తప్పక పిలవండి, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. బల్ల దగ్గరకు వెళ్లని వారు అప్పుడు ఇద్దరవుతారు. ఆ పిలుపుకు ఫోను చాలదు, మీరు వెళ్లినా సరిపోదు. అల్లుడు స్వయంగా ఆమె గుమ్మంలోకి వెళ్లి పిలవాలి.